తొలి పెత్తనము

మంచి పనివాడు మంచి మేస్త్రీ కాగలడా? ఈ ప్రశ్న చాల పాతది. కొలిమి దగ్గర, మగ్గము దగ్గర, కచ్చేరిలో, పాఠశాలలో, ఎక్కడ పదిమంది కూడి పని చేయుదురో అక్కడ ఇది పుట్టుచునే యున్నది. ఒకనిని పిలిచి "రేపటినుండి ఈ పదిమందికి నీవే పెద్దవు" అని చెప్పుటకు నిమిషము పట్టదు. విన్నవానికి ఆ రాత్రి సంతోషముతో నిద్ర రాదు. ఇంట పాయసము వండుదురు. అసలు చిక్కు మరునాటి ఉదయము మొదలగును. నిన్నటివరకు "ఏమప్పా" అని భుజముమీద చేయివేసిన స్నేహితుడు నేడు ఏమని పిలువవలెనో తెలియక తడబడును. పదవి వచ్చినవానికి తన చేతులే బరువగును. ఇంతకాలము వానికి పేరు తెచ్చినది వాని చేతిపని. ఇప్పుడు ఆ పనిని ఇతరులు చేయవలెను, తాను చూడవలెను. చూచుట కూడ ఒక పనియేనా అని వానికి సందేహము.

ఈ సందేహమునకు సమాధానము మన సీమలో రాళ్లమీదను, పాత రెవెన్యూ కాగితములలోను ఉన్నది. మడకశిర, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోని తావులు. 1882కు ముందు ఇవి బళ్లారి మండలములోనివి. ఆ సంవత్సరమున అనంతపురము ప్రత్యేక జిల్లా అయ్యెను. 2022లో దానినుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడెను. ఏలిన ప్రభువులు మారిరి, జిల్లా పేర్లు మారినవి. కాని ఈ సీమ రెండు పర్యాయములు తొలి పెత్తనము నేర్పిన బడి అయినది. మొదటిసారి అందు చదివినవారు రాజకుమారులు. రెండవసారి గొలుసు పట్టి పొలము కొలిచిన గుమాస్తాలు. ఆ రెండు కథలను చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

పెనుకొండ అనగా పెద్దకొండ. ధర్మవరమునుండి బెంగుళూరికి పోవు రైలులో కూర్చున్నవారికి ఈ కొండ దూరమునుండియే కనబడును. విజయనగర రాజ్యము 1336లో వెలసినదని చెప్పుదురు. అటుపిమ్మట పదునెనిమిదేండ్లకు, అనగా 1354లో, పెనుకొండలో ఒక శాసనము చెక్కబడెను. మొదటి బుక్కరాయలు పెనుకొండ రాజ్యమును తన కుమారుడగు వీర విరుపణ్ణ ఒడెయరునకు అప్పగించెననియు, అతని కాలమున కోట కట్టబడెననియు దానివలన తెలియుచున్నది. ఇది ఒక్క విరుపణ్ణకు మాత్రమే దక్కినది కాదు. ఆ వంశమున ఇదియొక పద్ధతి. ఉదయగిరి, ముళుబాగిలు, పెనుకొండ మొదలగు రాజ్యములకు రాజకుమారులను అధిపతులుగ పంపుచుండిరి. బుక్కరాయల మరియొక కుమారుడు కంపన్న ముళుబాగిలులో అధికారము నెరపి, అటుపిమ్మట మధురవరకు జయించెను.

సరిహద్దులను సొంతవారి చేతిలో నుంచుకొనవలెనను రాజనీతి ఇందులో లేకపోలేదు. కాని మరియొక ప్రయోజనము కూడ దీనివలన సిద్ధించెను. రాజు కొడుకు కత్తి త్రిప్పుట నేర్చును, గుర్రమెక్కుట నేర్చును. అవి తన దేహముతో తాను చేయు పనులు. చెరువు కట్ట తెగిననాడు కత్తి పనికిరాదు. రెండు గ్రామములకు నీటి తగవు వచ్చిననాడు గుర్రము పనికిరాదు. అప్పుడు కావలసినది పని తెలిసినవానిని గుర్తించుట, ఆ పనిని వానికి అప్పగించుట, అప్పగించిన పిమ్మట ఓపిక పట్టుట. తండ్రి ప్రక్కన కూర్చున్నంతకాలము ఈ విద్య అలవడదు. దూరమున ఒక సీమ చేతికి వచ్చినప్పుడే అలవడును.

ఈ విద్యకు ఆ కాలపువారు వ్రాసికొన్న పాఠమే ఒకటి మనకు దొరకినది. అది పెనుకొండకు ఈశాన్యమున, కడప జిల్లా పోరుమామిళ్లలో నున్నది. ఉదయగిరిలో అధికారము చేయుచుండిన భాస్కరుడను రాజకుమారుడు, బుక్కరాయల కొడుకే, అచ్చట పెద్ద చెరువును కట్టించి 1369లో శాసనము వేయించెను. చెరువునకు కావలసిన పన్నెండు అంగములను ఆ శాసనము వరుసగ చెప్పును. మొదటి అంగము ధర్మము, ధనము, కీర్తికాంక్ష గల రాజు. రెండవ అంగము జలశాస్త్రమెరిగిన పండితుడు. తరువాత గట్టి నేల, తీయని నీటి నది, కొండ, రాతికట్ట, లోతైన గర్భము, రాళ్లగని మొదలగునవి. చిట్టచివర పన్నెండవ అంగము కట్టుబడి పనిలో నేర్పుగల జనుల గుంపు. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూరు బండ్లు, రెండేండ్లు పనిచేసిరని కూడ ఆ శాసనమే చెప్పుచున్నది.

ఈ పట్టికను ఒక్క నిమిషము ఆలోచింపుడు. రాజు చెరువునకు యజమానుడని చెప్పలేదు; అంగమని చెప్పిరి. గట్టి మట్టి ఎట్లు అంగమో, రాజు కూడ అట్లే అంగము. మొదటి అంగమేయైనను పన్నెండింటిలో ఒకటి. పండితుడు లేనిచో రాజు చాలడు. నేర్పరులైన పనివారు లేనిచో రాజును, పండితుడును కలిసి కూడ చాలరు. తొలి పెత్తనము వచ్చినవాడు నేర్వవలసిన మొదటి అక్షరమిదియే. పనికి తాను తల కావచ్చును, దేహమంతయు తాను కాడు.

ఆ శాసనము చెరువునకు ఆరు దోషములను కూడ చెప్పినది. కట్ట ఊటలెత్తుట, చవిటినేల, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై పొలమెక్కువగుట, పొలము తక్కువై నీరెక్కువగుట, వీనితోపాటు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. ఈ కడపటి దోషమును మడకశిర వారికి వివరించి చెప్పనక్కరలేదు. వారికి మూడు ప్రక్కల కర్ణాటకమే. వాగులకు ఎల్లలు తెలియవు, మనుష్యులకు తెలియును. పెత్తనము చేయువాడు తన హద్దు ఎంతవరకో ముందుగ తెలిసికొనవలెనను నీతి కూడ ఈ దోషములోనున్నది.

ఇప్పుడు మరల పెనుకొండకు వత్తము. 1388 నాటికి బుక్కరాయల కొడుకు రెండవ హరిహరరాయలు చక్రవర్తి. అతని కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో అధికారము చేయుచుండెను. ఈ యువకుడు సింహాసనమెక్కుటకు ఇంకను పదునేడేండ్లున్నవి. ఆ సంవత్సరపు శాసనమొకటి హిందూపురమునకు పొరుగున, నేటి కర్ణాటకములోని గౌరీబిదనూరు తాలూకాలో నున్నది. అందలి విషయమిది. ప్రజలందరు సుఖముగ నుండవలెననియు, ప్రాణులకు నీరే ప్రాణమనియు తలచి, ఆ రాజకుమారుడు నిండు కొలువులో జలసూత్రమున ప్రవీణుడును, పది విద్యలలో ఆరితేరినవాడునగు సింగయభట్టును పిలిచి, పెన్నేటిని పెనుకొండకు తేవలెనని ఆజ్ఞాపించెను. ఆ ప్రకారము సింగయభట్టు కల్లుడినుండి సిరువెర చెరువువరకు కాలువ త్రవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువయని పేరుపెట్టెను.

నందికొండలలో పుట్టిన పెన్న గౌరీబిదనూరు మీదుగ ఉత్తరమునకు వచ్చి మన సీమలో ప్రవేశించును. వానకాలమున నాలుగు దినములు పొంగి, తక్కిన దినములలో ఇసుకపాయగ కనబడు ఈ నదిని నమ్ముకొని బ్రతుకు సీమకు కాలువయన ఏమో, చెరువన ఏమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ ఆజ్ఞను చూడుడు. అందు నాలుగు సంగతులున్నవి. మొదటిది, పని ఎందులకో చెప్పబడినది: ప్రజలు సుఖపడుటకు. రెండవది, ఎవనికో చెప్పబడినది: సింగయభట్టునకు, పేరుతో సహా. మూడవది, ఎక్కడ చెప్పబడినది: చాటున గాక నిండు కొలువులో. నాలుగవది, చెప్పకుండ విడిచినది: కాలువ ఎట్లు త్రవ్వవలెనో రాజకుమారుడు చెప్పలేదు. వాటము చూచుట, మట్టి చూచుట సింగయభట్టు పని. కొలువులో అందరి యెదుట ఆజ్ఞ యిచ్చుటచే సింగయభట్టునకు అధికారము వచ్చెను. మరునాడు రాళ్లు తోలువాడు, కూలి పంచువాడు అతని మాట వినక తప్పదు. అదే ఆజ్ఞచే రాజకుమారుడును కట్టుబడెను. కాలువ పారనిచో సింగయభట్టు తప్పని తప్పించుకొనుటకు వీలులేదు, అందరును వినియున్నారు.

పెత్తనము క్రొత్తగ వచ్చినవారు సామాన్యముగ ఈ నాలుగింటిని తలక్రిందులు చేయుదురు. ఎందులకో చెప్పరు, ఎవనికో తేల్చరు, చాటున ఒకనికి, పెరటిలో మరియొకనికి చెప్పుదురు, ఎట్లు చేయవలెనో మాత్రము గంటసేపు చెప్పుదురు.

కాలువకు రాజకుమారుని పేరు పెట్టిరి. అది ఆనాటి మర్యాద. కాని రాతిమీద సింగయభట్టు పేరు కూడ నిలిచినది. నేటికి ఆరువందల యేండ్లు దాటినను మనము అతనిని ఎరుగుదుము. ప్రతాప బుక్కరాయలు 1405లో సింహాసనమెక్కి కొద్దికాలమే ఏలెను. అతని యుద్ధముల మాట వచ్చినప్పటికంటె కాలువ మాట వచ్చినప్పుడే అతని పేరు ఎక్కువగ వినబడును.

1565లో తళ్లికోట యుద్ధము పిమ్మట విజయనగరము పాడుపడగా, పెనుకొండయే రాజధాని అయ్యెను. తిరుమలరాయలు తన ముగ్గురు కొడుకులకు మూడు సీమల నిచ్చెను. శ్రీరంగరాయలు పెనుకొండలో, రామరాయలు శ్రీరంగపట్టణములో, వేంకటపతి చంద్రగిరిలో అధికారము చేసిరి. చంద్రగిరిలో ఆరితేరిన వేంకటపతి తరువాత పెనుకొండ సింహాసనమెక్కి 1614వరకు రాజ్యమును నిలబెట్టెను. పాత పద్ధతి ఇంకను ఫలమిచ్చుచుండెనని చెప్పుటకు ఇంతమాత్రము చాలును.

ఇంతవరకు రాజకుమారుల కథ. "మాకు రాజ్యములు లేవు గదా, మా కథ ఏది?" అని శ్రోతలు అడుగవచ్చును. ఆ కథ నాలుగువందల యేండ్లు గడచిన పిమ్మట ఇదే సీమలో జరిగెను.

1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. మరుసటి సంవత్సరము నైజాము ప్రభువు తన వంతునకు వచ్చిన సీమలను ఇంగ్లీషు కంపెనీకి విడిచెను. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములు అందులోనివి. దత్తమండలములను పేరు అప్పుడు పుట్టినది. దీనికి ముఖ్య కలెక్టరుగ తామస్ మన్రో వచ్చెను. ఆయన 1780లో పదాతిదళమున కేడెట్టుగ చెన్నపట్టణమునకు వచ్చిన సిపాయి. 1792నుండి ఏడేండ్లు బారామహలులో, అనగా నేటి కృష్ణగిరి, ధర్మపురి, సేలం ప్రాంతములలో, అలెగ్జాండర్ రీడ్ అను సైనికోద్యోగి క్రింద సహాయకుడుగ పనిచేసెను. తరువాత కొంతకాలము కన్నడ కోస్తాలో ఒంటరిగ ఒక జిల్లాను చూచెను. దత్తమండలములలో ఆయన క్రింద నలుగురు ఉపకలెక్టరులు. ఏడేండ్లు ఒకరి క్రింద పనిచేసినవాడు ఇప్పుడు నలుగురిచేత పని చేయింపవలెను. సీమ చూడబోతే ఎనుబదిమంది పాలెగాండ్రు. ఎవరి కోట వారిది, ఎవరి బంట్లు వారివారు. మడకశిర తాలూకాలోని రత్నగిరి పాలెగాడును అందులోనివాడే.

పాలెగాండ్రను అణచిన విధమును లండనులోని కంపెనీ డైరెక్టరులే ఆక్షేపించిరి. ఆ కథ వేరు. మనకు కావలసినది భూమి కొలిచిన కథ.

పన్ను కట్టించుటకు ముందు పొలమెంతయో తెలియవలెను. 1802 జూను నెలలో మన్రో కొలత ప్రారంభించెను. అప్పుడు దత్తమండలములలో భూమి కొలుచుట తెలిసిన గుమాస్తాలు ఎందరు దొరకిరో ఊహింపగలరా? నలుగురు. అంత పెద్ద సీమకు నలుగురు. ఆ నలుగురితోనే పని మొదలిడిరి. స్థానికులకు కొలత నేర్పిరి. సంవత్సరాంతమునకు వారు ఏబదిమంది యైరి. మరుసటి ఏడు నూరుమంది యైరి. నాలుగైదేండ్లలో కొలత ముగిసెను.

కొలతకు ముప్పదిమూడు అడుగుల గొలుసును వాడిరి. ఆ గొలుసు పొడవు, అంతే వెడల్పు గల చదరములు నలుబది చేరినచో ఒక ఎకరము. ఎండలో, జొన్నమోళ్లలో, తుమ్మకంపలో ఈ గొలుసును లాగినవారు మన తాతముత్తాతలే. కొలుచువారిని మొదట ఆరుగురు చొప్పున, తరువాత పదిమంది చొప్పున జట్లుగ ఏర్పరచి, ఒక్కొక్క జట్టునకు ఒక పెద్దను నియమించిరి. ఈ జట్టు పెద్దయే మన కథకు నాయకుడు. అతని పేరు ఏ రాతిమీదను లేదు.

మామూలు కొలతగాండ్రకు కొలిచిన ఎకరముల లెక్కన కూలి ముట్టుచుండెను. ఎక్కువ కొలిచినవానికి ఎక్కువ డబ్బు. దీనివలన పని వేగముగ సాగును. కాని తొందరలో తప్పులు దొరలును. కొలవకయే కొలిచితినని వ్రాయువాడును ఉండవచ్చును. అందుచేత జట్టు పెద్దకు ఎకరము లెక్క లేదు, నెలజీతము. అతని పని ఇతరులు కొలిచిన భూమిలో కొంత మరల కొలిచి సరిచూచుట. తేడా హద్దు మీరినచో కొలిచినవాని ఉద్యోగము పోవును.

ఈ ఏర్పాటులో ఎంత లోకానుభవమున్నదో చూడుడు. కొలత తెలియనివాడు కొలతను పరీక్షింపజాలడు; కావున ఆ పెద్ద గొలుసు పనిలో అరచేతులు కాయలు కాచినవాడే కావలెను. నిన్నటివరకు అతడు తన ఎకరములను లెక్కపెట్టుకొనెను. సాయంకాలము లెక్క చూచికొనినచో ఆనాటి తన విలువ ఎంతయో అంకెలలో కనబడుచుండెను. ఇప్పుడు అతనికి ఎకరములు లేవు. దినమంతయు తిరిగినను తన పేర కొలిచిన భూమి సున్న. పదిమంది పనిలో తప్పు లేకుండుటయే అతని పని. తప్పు లేకుండుట ఎక్కడను అంకెగ కనబడదు. జీతము మార్చి మన్రో అతనికి ఈ సంగతి తెలియజేసెను. "నీవు ఇక ఎకరములకు కూలివాడవు కావు, ఇతరుల నిజమునకు పూచీదారువు" అని చెప్పక చెప్పినట్లయ్యెను.

అతని తొలి దినములను ఊహించుకొందము. కొత్తగ నేర్చిన పిల్లవాడొకడు గొలుసును వదులుగ లాగుచున్నాడు. పెద్దకు చేయి దురద పుట్టును. గొలుసును లాగికొని తానే కొలిచినచో అర్ధగడియలో ముగియును. కొలిచినాడనుకొనుడు. ఆ చేను సరిగ వచ్చును. పిల్లవానికి పని రాదు. అంతలో తక్కిన తొమ్మిదిమంది ఏమి చేయుచున్నారో చూచువాడుండడు. దీనికి ఎదురుగ మరియొక గొయ్యి కలదు. తప్పు చూపినచో నిన్నటి స్నేహితుని ఉద్యోగము పోవును. చూపనిచో ఒక రైతు లేని భూమికి పన్ను కట్టవలెను. ఆ రైతు మడకశిర కొండక్రింద రాగిచేను వేసికొనువాడు కావచ్చును. అతడు జట్టు పెద్దను ఎన్నడును చూచి యుండడు. స్నేహితుడు కన్నుల యెదుట నుండును, రైతు కనబడడు. కనబడని వానికి న్యాయము చేయుటకే తనను అక్కడ నిలిపిరని తెలిసికొన్నవాడే పెద్ద. తక్కినవాడు పాత కొలతగాడే, జీతము మాత్రము మారినవాడు.

కొలిచిన పిమ్మట భూమి తరమును నిర్ణయించిరి. ఆ పనికి వచ్చిన ఉద్యోగులు కచ్చేరిలో కూర్చుండి వ్రాయలేదు. పటేలు, కరణము, రైతులు కూడగా, పొలములోనే తరము నిర్ణయించిరి. మన్రో తానును సంవత్సరమున చాలభాగము డేరాలలోనే గడపుచు గ్రామములు తిరిగెను. పెద్దయైనవాడు తాను చేయు పనిని విడువవలెను గాని, పని జరుగు చోటును విడువరాదు. ఈ రెంటికిని గల భేదమును ఆయన ఎరుగును.

ఆయనను పొగడుటకు నేనీ మాటలు చెప్పుటలేదు. ఆయన కంపెనీకి పన్ను రాబట్టుటకు వచ్చినవాడు. ఆ పన్ను మోయలేని బరువని 1807లో తానే ఒప్పుకొని, నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. వారు అప్పుడు వినలేదు. ఆయన సీమ విడిచి పోయెను. రైతు పదమూడేండ్లు ఆ బరువు మోసెను. 1820లో ఆయనయే మదరాసు గవర్నరై వచ్చినప్పుడు ఆ తగ్గింపు అమలైనది. క్రిందివారిచేత పని చేయించుట పెత్తనములో సగము. క్రిందివారి మాట పైవారికి చెప్పుట రెండవ సగము. రెండవ సగము వెంటనే ఫలింపదు. అయినను కాగితము మీద పెట్టవలెను. కాగితము మీద పెట్టిన మాట పదమూడేండ్లకైనను పనికివచ్చెను. 1827 జూలైలో ఆయన పత్తికొండలో కలరాచే మరణించిన పిమ్మట, ఈ సీమవారు తమ బిడ్డలకు మన్రోలప్పయని పేరుపెట్టుకొనిరి.

ఇంకొక మాట దాచరాదు. గొలుసు పట్టిన గుమాస్తా జట్టు పెద్ద కాగలిగెను, ఉపకలెక్టరు కాలేకపోయెను. ఆ నలుగురు ఉపకలెక్టరులును దొరలే. ఆదవాని వైపున పనిచేసిన విలియం థాకరే అందులోనివాడు. మన వానికి పదిమందివరకే నిచ్చెన. పదునొకండవ మెట్టు లేదు. గవర్నరుగ నుండి 1824లో వ్రాసిన మినిట్టులో మన్రో ఈ లోపమును స్పష్టముగ చెప్పెను. పెద్ద పదవుల ఆశ లేకుండ చేసి, ఒక జాతి శీలము దిగజారినదని నిందించుట న్యాయము కాదని ఆయన అభిప్రాయము. బాధ్యత ఇచ్చినప్పుడే మనిషి బాధ్యతకు తగినవాడగును. తగినవాడైన పిమ్మట ఇత్తమనుట నీరు త్రాగిన పిమ్మట బావి త్రవ్వుదమనుట వంటిది.

నా సొంత అనుభవమొకటి చెప్పి ముగింపునకు వత్తును. చాల యేండ్లక్రిందట ఒక కార్యాలయమున నాకు తొలిసారిగ నలుగురిమీద పెత్తనము వచ్చెను. ధ్వనిముద్రణములను కూర్చుటలో నాకు కొంత నేర్పు కలదని పేరు. చిన్నవారి కూర్పు నాకు నచ్చలేదు. ఒక పండుగ కార్యక్రమమును రాత్రంతయు మేలుకొని నేనే మరల కూర్చితిని. తెల్లవారి ప్రసారమున ఆ కార్యక్రమమునకు బదులు నిరుటి కార్యక్రమము వినబడెను. ప్రసారపు పట్టికను సరిచూడవలసినవాడను నేనే. కూర్పులో మునిగి దానిని చూడనేలేదు. నలుగురిలో ఒక అమ్మాయి ఆ పొరపాటును ముందునాటి సాయంకాలమే గమనించినదట. "చెప్పలేదేమమ్మా?" అని అడిగితిని. "మీరు తలయెత్తలేదండి" అని ఆమె బదులు చెప్పెను. ఆ మాటకు మించిన పాఠమును నేను ఏ శిక్షణలోను వినలేదు.

పెనుకొండ మండలమున ఎర్రమంచి వద్ద 2019నుండి మోటారుకార్లు తయారగుచున్నవి. ధర్మవరమున పట్టుమగ్గములు ఆడుచునే యున్నవి. మడకశిర, హిందూపురముల బడులలో, బ్యాంకులలో, ఆసుపత్రులలో ప్రతి నెల ఎవరో ఒకరు పదిమందికి పెద్ద అగుచున్నారు. ఆ ఇంటిలోని పెద్దలకు, భార్యకు, భర్తకు కూడ ఒక మనవి. కొత్త పెత్తనము వచ్చినవారు కొన్ని నెలలు సాయంకాలము ఇంటికి వచ్చి, "ఈ దినము నేనేమియు చేయలేదు" అని దిగులుపడుదురు. అప్పుడు వారిని "నీవేమి చేసితివి?" అని అడుగక, "నీవారిలో ఎవరికి ఏ పని వచ్చినది?" అని అడుగుడు. ఎకరముల లెక్క పోయిన మనిషికి క్రొత్త లెక్క కావలెను. ఆ లెక్క ఇదియే.

గొలుసును చేతినుండి దించుట కష్టమే. దించిన చేతితో ఇంకొకరి చేతిని సరిదిద్దవచ్చును, పైవారికి నిజము వ్రాయవచ్చును, పని చేసినవాని పేరును పదిమందిలో చెప్పవచ్చును. గౌరీబిదనూరు తాలూకాలోని ఆ రాతిమీద రెండు పేర్లున్నవి, ఆజ్ఞ యిచ్చినవానిది, కాలువ త్రవ్వించినవానిది. రెండవ పేరు చెక్కింపబడుటచే మొదటి పేరునకు కలిగిన లోపమేమియు లేదు.